గోడచెవి – తాళపుచెవి

గోడలకు చెవులుండునని తెలుగువారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. మాటను దాచుకొనవలసినవారికి అది హెచ్చరిక. మన భాషలోనే ఇంకొక విశేషము కలదు. తాళమును తెరచు సాధనమును మనము తాళపుచెవి యందుము. వినరాని మాటను విను చెవియు, తెరువదగినవాడు తెరచు చెవియు ఒక్క పేరుతోనే పిలువబడుట కాకతాళీయమే కావచ్చును. కాని దూరభాషణ చరిత్రను పరిశీలించినవారికి ఆ రెండు చెవుల నడుమ సాగిన వివాదమే ఆ చరిత్రలో పెద్ద భాగమని తోచును. నేడు ప్రతివాని జేబులో నున్న సెల్‌ఫోను ఆ వివాదమునకు సరిక్రొత్త రంగస్థలము.

రహస్యరక్షణము నేటి చింత కాదు. రాజు మంత్రాలోచన జరుపు చోటు పక్షులకైనను కానరాని విధముగా నుండవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పుచున్నది. చిలుకలు, గోరువంకలు, కుక్కలు మొదలగువాని వలన సైతము మంత్రము బయటపడినట్లు వినికిడి కలదని ఆ గ్రంథకర్త హేతువు చూపెను. రహస్యము చెడుటకు స్థూలముగా మూడు దారులు కలవు. చెప్పినవాడు చెఱుపవచ్చును, విన్నవాడు చెఱుపవచ్చును, నడుమ మోసినవాడు చెఱుపవచ్చును. మొదటి యిద్దరి గుణము ఒకరికొకరు ఎరుగుదురు. మూడవవానిని నమ్ముట మాత్రము తప్పదు. పూర్వము ఆ మూడవవాడు దూత. తంతి వచ్చిన తరువాత దూత యంత్రమయ్యెను. ఆ వెనుక యంత్రమును నడుపు సంస్థ అయ్యెను. మోసెడివానిని ఎంతవరకు నమ్మవచ్చునను ప్రశ్న మాత్రము మారలేదు.

మన దేశములో విలియం ఓషాఘ్నెస్సీ అను వైద్యుడు 1839లో కలకత్తా దగ్గర తంతి ప్రయోగములు చేసెను. 1851లో కలకత్తా నుండి డైమండ్ హార్బరు వరకు తీగ నడిచినది. ఆ తీగలు దేశమంతట అల్లుకొనిన తరువాత 1885లో భారత తంతి చట్టము వచ్చినది. ప్రజల మధ్య అత్యవసర పరిస్థితి యేర్పడినప్పుడు గాని, ప్రజాక్షేమము కోరినప్పుడు గాని వార్తలను నడుమ ఆపి చూచుటకు ప్రభుత్వమునకు ఆ చట్టపు 5వ సెక్షను అధికార మిచ్చినది. టెలిఫోను కూడ ఆ చట్టము క్రిందికే వచ్చెను. తరువాత సెల్‌ఫోనును దాని క్రిందికే వచ్చెను. ఎద్దుబండ్ల కాలమున వ్రాయబడిన ఒక చిన్న సెక్షను నూరేండ్లకు పైగా భారతీయుల సంభాషణములపై అధికారము వహించినది.

టెలిఫోను తొలి దినములలో పొంచి వినుటకు ప్రత్యేకముగా ఒక సాధనమే అక్కఱలేకుండెను. ఎక్స్‌ఛేంజిలో కూర్చుండి తీగలను కలుపు ఆపరేటరు వినగోరినచో వినవచ్చును. అమెరికాలోని కాన్సాస్ సిటీలో అంత్యక్రియల వ్యాపారము చేయుచుండిన ఆల్మన్ స్ట్రోజర్ అను నాతడు తనకు రావలసిన పిలుపులు ఎక్స్‌ఛేంజిలోనే ప్రత్యర్థి యింటికి మళ్ళింపబడుచున్నవని అనుమానించెనని ఒక కథ కలదు. ఆ అనుమానము నుండియే, మనిషి ప్రమేయము లేకుండ తీగలను కలుపు యంత్రము పుట్టినదందురు. 1891లో ఆతనికి దానిపై పేటెంటు లభించినది. నడుమనున్న మనిషిపై అపనమ్మకము ఒక గొప్ప యంత్రమునకు కారణమైనది. కాని ఆ యంత్రమును సైతము ఎవరో ఒకరు కాపాడవలెను గదా!

తీగ ఉన్నంతకాలము వినగోరువాడు తీగ దగ్గరకో, ఎక్స్‌ఛేంజికో పోవలసియుండెను. 1983లో అమెరికాలోని చికాగో నగరమున సెల్‌ఫోను వ్యాపారము ప్రారంభమగుటతో ఆ శ్రమ కూడ తప్పినది. నాటి సెల్‌ఫోను మాటను ఉన్నది ఉన్నట్లుగా రేడియో తరంగములపై పంపెడిది. బజారులో దొరకు రేడియో స్కానరు ఒకటి ఉన్నచో ఆ మాట ఎవరికైన వినబడును. 1996 డిసెంబరులో అమెరికా ప్రతినిధి సభకు చెందిన నాయకులు కొందరు టెలిఫోనుపై సమావేశము జరిపిరి. వారిలో ఒకరు ఫ్లోరిడాలో కారులో కూర్చుండి సెల్‌ఫోనుతో అందులో పాల్గొనిరి. ఆ దారిని పోవుచున్న దంపతులు స్కానరుపై ఆ సంభాషణమును విని టేపులో నెక్కించిరి. మరుసటి నెలలో అది పత్రికల కెక్కినది. ఒక దేశపు శాసనకర్తల ఆంతరంగిక సమాలోచన దారినపోవు దంపతుల చేతికి చిక్కినదన్నమాట.

ఇట్టి నగుబాటును తప్పించుటకు ఐరోపా దేశముల ఇంజనీర్లు అప్పటికే డిజిటల్ పద్ధతిని సిద్ధము చేసియుండిరి. జి.ఎస్.ఎం. అను పేరుగల ఆ పద్ధతిలో తొలి పిలుపు 1991 జూలై 1న ఫిన్లాండులో జరిగినది. ఇందులో మాట మొదట అంకెలుగా మారును. ఆ అంకెలు సంకేతలిపిలో మరుగుపడి గాలిలో పయనించును. ఫోనులో అమర్చు సిమ్ కార్డులో ఒక రహస్యాంకము నిక్షిప్తమై యుండును. దాని ప్రతి కంపెనీ యొద్ద ఉండును. ఆ రహస్యాంకము నుండి సంకేతలిపికి కావలసిన తాళపుచెవి పుట్టును. స్కానరు పట్టుకొని కూర్చున్నవానికి ఇక అర్థము కాని రొద తప్ప మాట వినబడదు. కోట్లాది సామాన్యులు తమకు తెలియకుండగనే సంకేతలిపిని వాడ నారంభించిరి.

అయితే ఆ తాళములో రెండు లోపములు కలవు. మొదటిది, తాళము యొక్క నిర్మాణమునే రహస్యముగా దాచుట. తాళపు నిర్మాణము శత్రువునకు తెలిసినను ఫరవా లేకుండవలెను, తాళపుచెవి యొక్కటియే రహస్యముగా నుండవలెను అని ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ అను పండితుడు 1883లోనే సూత్రీకరించెను. జి.ఎస్.ఎం. కర్తలు ఆ సూత్రమును పాటింపలేదు. ఏ5/1 అను తమ సంకేతపద్ధతిని గోప్యముగా ఉంచిరి. అంతేకాక 64 స్థానములుండవలసిన తాళపుచెవిలో 10 స్థానములను సున్నలతో నింపి వాడిరి. ఒక్కొక్క స్థానము తగ్గినకొలది వెదకువాని శ్రమ సగమగును గనుక, పది స్థానములు తగ్గుటచే ఆ శ్రమ దాదాపు వెయ్యవ వంతునకు దిగినది. కొన్ని దేశములకు ఏ5/2 అను మఱింత బలహీనమైన పద్ధతిని ఇచ్చిరి. 1999 నాటికి ఆ గోప్యము బట్టబయలైనది. 2000లో బిర్యుకోవ్, షమీర్, వాగ్నర్ అను గణితజ్ఞులు ఒక సామాన్య కంప్యూటరుతో ఏ5/1ను ఛేదింపవచ్చునని చూపిరి. 2009 డిసెంబరులో జర్మనీకి చెందిన కార్‌స్టెన్ నోల్ అందుకు కావలసిన పట్టికలను సిద్ధము చేసి బెర్లిను సభలో ప్రకటించెను.

రెండవ లోపము ఇంకను సూక్ష్మమైనది. జి.ఎస్.ఎం. పద్ధతిలో ఫోను తానెవరో కంపెనీకి నిరూపించుకొనవలెను. కంపెనీ తానెవరో ఫోనుకు నిరూపించుకొన నక్కఱలేదు. ద్వారపాలకుడు అతిథిని ప్రశ్నించును గాని, అతిథి ద్వారపాలకుని ప్రశ్నింపడు. కనుక ఒక దొంగ టవరును నిలిపి, అదియే నిజమైన టవరని దగ్గరి ఫోనులను నమ్మించుట సాధ్యమైనది. మూడవ తరపు ఫోనులలో ఇరువైపుల పరీక్ష ఏర్పడినది. అప్పటికిని కంపెనీలు ఒకదానితో నొకటి సంప్రదించుకొను ఎస్‌ఎస్7 అను ఏర్పాటు 1970ల నాటిదే. ఆనాడు టెలిఫోను సంస్థలు కొలదిగా నుండెడివి, అవి ఒకదాని నొకటి నమ్మెడివి. ఆ నమ్మకము నాశ్రయించి లోకమున నెక్కడి ఫోను జాడనైనను తీయవచ్చునని, సంభాషణమును మళ్ళింపవచ్చునని 2014లో పరిశోధకులు బహిరంగముగా చూపిరి. 2017లో జర్మనీలో కొందరు దొంగలు ఈ దారినే ఖాతాదారులకు బ్యాంకులు పంపిన సంకేతాంకముల సందేశములను మళ్ళించుకొని, వారి ఖాతాలనుండి సొమ్ము తీసిరి. అంతవరకు రాజకీయ నాయకుల బెడదగా నున్నది సామాన్య గృహస్థుని బెడదగా మారినది.

భారతదేశమున సెల్‌ఫోను ప్రవేశము 1995 జూలై 31న జరిగినది. ఆనాడు కలకత్తాలోని రైటర్స్ బిల్డింగు నుండి ముఖ్యమంత్రి జ్యోతి బసుగారు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌గారితో సంభాషించిరి. అప్పటికి పొంచి వినుటను గూర్చిన వివాదము మన రాజకీయములలో పాతబడినదే. కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డేగారు 1988లో టెలిఫోను నిఘా వివాదము కారణముగా పదవి వదలుకొనిరి. అయితే ఈ విషయమున న్యాయశాస్త్రపు పునాది అంతకు ముందే, ఒక తెలుగువాని చేతి మీదుగా పడినది.

1962 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఖరక్ సింగు అను నాతని కేసులో తీర్పు చెప్పెను. ఆతడు ఒక నేరారోపణ నుండి విడుదలయైనను ఉత్తరప్రదేశ్ పోలీసులు ఆతనిపై నిఘా వేసి, రాత్రులందు ఇంటి తలుపు తట్టుచుండిరి. రాత్రివేళ ఇంటికి పోవుట చెల్లదని న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు చెప్పిరి గాని, ఆంతరంగికత మన రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదనియు చెప్పిరి. రాజమహేంద్రవరమున జన్మించి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తియై, తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిన శ్రీ కోకా సుబ్బారావుగారు అందుకు సమ్మతింపలేదు. ఆంతరంగికత అను పదము రాజ్యాంగములో లేకపోయినను అది వ్యక్తిస్వాతంత్ర్యమున ముఖ్యాంశమని, నిఘా నీడలో మెలగువాని స్వేచ్ఛ పూర్ణమైన స్వేచ్ఛ కాదని వారు భిన్నాభిప్రాయము వ్రాసిరి. జస్టిస్ షా వారితో ఏకీభవించిరి. ఆనాటికి అది ఓడిపోయిన పక్షము.

సరిగా ముప్పదినాలుగేండ్లకు, 1996 డిసెంబరు 18న, పౌరహక్కుల ప్రజాసంఘము తెచ్చిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు టెలిఫోను నిఘాపై తీర్పు చెప్పెను. తన యింటిలో గాని కార్యాలయములో గాని నిశ్చింతగా టెలిఫోనుపై మాటలాడుకొనుట ఆంతరంగికతలో భాగమేనని న్యాయస్థానము అంగీకరించెను. ప్రభుత్వమునకు గల అధికారమును కొట్టివేయలేదు. దానికి పద్ధతి నేర్పరచెను. ఉత్తరువు హోమ్ కార్యదర్శి స్థాయి అధికారి ఇయ్యవలెను. అత్యవసరమున మాత్రము ఆ అధికారమును జాయింటు సెక్రటరీ స్థాయి అధికారికి అప్పగింపవచ్చును. ఉత్తరువు రెండు నెలలకంటె ఎక్కువ చెల్లదు. పొడిగించినను మొత్తము ఆరు నెలలు దాటరాదు. ప్రతి ఉత్తరువును ఒక సమీక్షా సంఘము పరిశీలింపవలెను. ఏమి వినిరి, ఎన్ని ప్రతులు తీసిరి, ఎవరికి చూపిరి అను లెక్క వ్రాసియుంచవలెను. అవసరము తీరిన ప్రతులను నాశనము చేయవలెను. ఈ తీర్పునందలి సారమంతయు ఒక్క మాటలో చెప్పవచ్చును: విను అధికారము దస్త్రముతో కూడి యుండవలెను. 2007లో ఈ పద్ధతి నిబంధనలలోని కెక్కినది. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము క్రింద 2024 డిసెంబరులో వెలువడిన క్రొత్త నిబంధనలు దాని స్థానమున నిలిచినవి.

దస్త్రము లేకుండ చెవి మాత్రము ఉన్నచో ఏమగునో తెలుపు కథ గ్రీసుదేశమున జరిగినది. సెల్‌ఫోను చరిత్రలో ఇంతకంటె శ్రద్ధగా చదువదగిన అధ్యాయము వేరొకటి లేదు.

2004లో ఏథెన్సు నగరము ఒలింపిక్ క్రీడల సన్నాహములలో మునిగియుండెను. ఆ వేసవిలో వోడాఫోన్ సంస్థ యొక్క గ్రీసు శాఖకు చెందిన ఎక్స్‌ఛేంజి కంప్యూటర్లలోనికి ఎవరో ఒక దొంగ ప్రోగ్రామును చొప్పించిరి. ఆ ఎక్స్‌ఛేంజి యంత్రములు స్వీడను దేశపు ఎరిక్‌సన్ సంస్థ చేసినవి. న్యాయస్థానపు ఉత్తరువులపై నిఘా వేయుటకు ప్రభుత్వములు కోరుచుండుటచే, అట్టి యంత్రములలో సంభాషణమునకు నకలు తీయు భాగమును తయారీదారులే అమర్చెదరు. దానికి తోడుగా ఇంకొక భాగము ఉండును. ఏ ఫోనులపై ఉత్తరువు కలదో చూపునది, నమోదు చేయునది అదియే. 2003లో జరిగిన ఒక సాఫ్ట్‌వేర్ మార్పుతో నకలు తీయు భాగము ఆ గ్రీసు యంత్రములలోనికి వచ్చినది. నమోదు చేయు భాగమును ఆ సంస్థ ఇంకను కొనియుండలేదు. అనగా వినుటకు చెవి కలదు. వినిన సంగతి వ్రాయుటకు పుస్తకము లేదు. చొరబడినవారు తిన్నగా ఆ చెవినే మేల్కొలిపిరి.

నూరుకు పైగా ఫోనులు అట్లు వారి వశమైనవి. వానిలో ప్రధానమంత్రి కోస్టాస్ కరమన్‌లిస్ ఫోను కలదు. ఆయన భార్య ఫోను కలదు. మంత్రుల ఫోనులు, ఏథెన్సు నగర మేయరు ఫోను కలవు. ఆ ఫోనులపై సంభాషణము జరిగినప్పుడెల్ల దాని నకలు పదునాలుగు అనామక ఫోనులకు చేరుచుండెను. దొంగ ప్రోగ్రాము తన యునికిని తానే కప్పిపుచ్చుకొనెడిది. 2005 జనవరిలో చొరబడినవారు తమ ప్రోగ్రామును మార్చబోగా, సంబంధము లేని కొందరి సందేశములు చేరక నిలిచిపోయినవి. ఫిర్యాదులు వచ్చినవి. తయారీదారు యొక్క నిపుణులు కారణమును వెదకుచు మార్చి నెలలో ఆ ప్రోగ్రామును కనిపెట్టిరి. సంస్థ దానిని వెంటనే తొలగింపజేసెను. అట్లు తొలగించుటచే వినుచున్నవారు మేల్కొని మాయమైరి. వారిని పట్టుకొను అవకాశము జారిపోయినది. మరునాడే ఆ సంస్థలోని ఒక ఇంజనీరు తన యింటిలో మరణించి యుండుట కనబడినది. ప్రజలకు ఈ సంగతి 2006 ఫిబ్రవరిలో గాని తెలియలేదు. విచారణ జరుపువారు ఎక్స్‌ఛేంజి భవనములకు వచ్చిపోయినవారి పుస్తకములను అడుగగా, అవి మామూలు పద్ధతి ప్రకారము అప్పటికే నాశనము చేయబడియుండెను.

ఈ కథలో చొరబాటుదారులు ఏ సంకేతలిపిని ఛేదింపలేదు. గాలిలోని తాళము ఏమాత్రము చెడలేదు. ప్రభుత్వము వినుటకై పెట్టిన చెవియే ప్రభుత్వాధినేత మాటను పరులకు వినిపించెను. వినువానిని కనిపెట్టవలసిన పుస్తకము లేకపోవుటయే దానికి సహాయపడెను.

అదే 2004లో ఇంకొక మార్పు ప్రారంభమైనది. సెల్‌ఫోను క్రమముగా కంప్యూటరగుచుండుటచే, కంప్యూటరును పట్టు తెగుళ్ళు దానిని పట్టినవి. ఆ జూన్ నెలలో కబీర్ అను తొలి సెల్‌ఫోను పురుగు వెలుగులోనికి వచ్చినది. అది బ్లూటూత్ ద్వారా దగ్గరలోని ఫోనులకు ప్రాకుటకు యత్నించెడిది. యజమాని అంగీకరించిన గాని లోనికి రాలేకపోయెడిది. బ్యాటరీని తినివేయుట కంటె పెద్ద హాని చేయలేదు. దానిని వ్రాసినవారి యుద్దేశము ఇట్టిది సాధ్యమని చూపుట మాత్రమే. కాని దారి తెలిసిన తరువాత దానిని నడచువారు అందరు ఒక్క తీరున ఉండరు.

ఇంతలో మొదటి నుండి వేధించుచున్న ప్రశ్నకు, అనగా నడుమ మోసెడివానిని నమ్మవలెనా అను దానికి, గణితశాస్త్రము ఒక సమాధానము నిచ్చినది. డిఫీ, హెల్‌మన్ అను అమెరికను శాస్త్రజ్ఞులు 1976లో ఒక అపూర్వమైన ఉపాయమును ప్రకటించిరి. ఎన్నడు కలిసికొనని ఇద్దరు, అందరు వినుచుండగనే కొన్ని సంఖ్యలు మార్చుకొని, తమ యిద్దరికి మాత్రమే తెలిసిన తాళపుచెవిని నిర్మించుకొనవచ్చును. ఈ ఉపాయము ఆధారముగా ఒక కొస నుండి మఱియొక కొస వరకు మాట మూసియుంచు పద్ధతి ఏర్పడినది. 2016 ఏప్రిలు నాటికి వాట్సాప్ సంస్థ తన వినియోగదారు లందరికి దీనిని కల్పించెను. ఇందు తాళపుచెవి మాటలాడు ఇద్దరి ఫోనులలోనే ఉండును; మోసెడి సంస్థ యొద్ద ఉండదు. ఎవరు, ఎవరితో, ఎప్పుడు మాటలాడిరను సంగతి సంస్థకు తెలియవచ్చును; ఏమి మాటలాడిరో తెలియదు.

దారిలోని దొంగకు ఇట్లు తలుపు మూసికొనుటతో, దొంగ ఇంటిలోనికే వచ్చి కూర్చుండెను. అదే 2016 ఆగస్టులో ఐక్య అరబ్ ఎమిరేట్లకు చెందిన మానవహక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూరు ఫోనుకు కొన్ని సందేశములు వచ్చినవి. చెరసాలలలోని హింసలను గూర్చిన రహస్యములు తెలిసికొనుటకు క్రింది లింకును నొక్కవలసినదని వానిలో నుండెను. ఆతడు నొక్కలేదు. కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయమునకు చెందిన సిటిజన్ ల్యాబ్ పరిశోధకులకు పంపెను. వారు పరిశీలించి, ఆ లింకు వెనుక ఇజ్రాయెలుకు చెందిన ఎన్.ఎస్.ఓ. సంస్థ యొక్క పెగాసస్ అను ప్రోగ్రాము కలదని, అది ఐఫోనులోని మూడు తెలియని లోపముల నాశ్రయించి లోనికి దూరునని వెల్లడించిరి. ఆపిల్ సంస్థ కొలది దినములలోనే ఆ లోపములను పూడ్చెను. ఒక్క మనిషి జాగరూకత లోకములోని ఐఫోను లన్నిటికి మేలు చేసెను. ఆతనికి మాత్రము మేలు కలుగలేదు. 2017లో ఆతడు అరెస్టయ్యెను. 2018లో పదేండ్ల శిక్షకు గురియయ్యెను.

ఫోను లోపల చేరిన ఇట్టి ప్రోగ్రాము సంకేతలిపిని ఛేదింపనక్కఱలేదు. మాట మూతపడక ముందే వినును. ఉత్తరము తెరచిన వెంటనే చదువును. ఫోను ప్రక్కన పెట్టియున్నను మైకును తెరచి గదిలోని మాటలు వినగలదు. 2019లో వాట్సాప్ పిలుపు ద్వారా, దానిని ఎత్తకపోయినను, ఇట్టి ప్రోగ్రాము చొరబడునట్లు చేసి, సుమారు 1,400 ఫోనులపై గురిపెట్టిరని ఆ సంస్థ ఆరోపించి అమెరికా న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. గురియైనవారిలో భారతీయులు కూడ నుండిరి. 2024 డిసెంబరులో ఆ న్యాయస్థానము ఎన్.ఎస్.ఓ. సంస్థను బాధ్యురాలిగా నిర్ణయించెను.

మన దేశమున ఈ లోపల 1962 నాటి ఓడిపోయిన పక్షము గెలిచినది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా ఆంతరంగికతను ప్రాథమిక హక్కుగా ప్రకటించి, సుబ్బారావుగారి అభిప్రాయమే సరియైనదని నిలిపినది. అందు ప్రత్యేకముగా తీర్పు వ్రాసినవారిలో కృష్ణాజిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్‌గారు ఒకరు. 2021లో పెగాసస్ వివాదము దేశమున చెలరేగినప్పుడు, ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణగారి ధర్మాసనము అక్టోబరు 27న ఒక నిపుణుల సంఘమును నియమించెను. దేశభద్రత అన్న మాట పలికినంత మాత్రమున న్యాయస్థానము ప్రశ్నింపక ఊరకుండదని ఆ ఉత్తరువు స్పష్టము చేసినది. ఆ సంఘము 29 ఫోనులను పరీక్షించి, అయిదింటిలో ఏదో హానికర ప్రోగ్రాము కలదని కనుగొనెను; అది పెగాససేయని నిర్ధారింప లేకపోయెను. ప్రభుత్వము సంఘమునకు సహకరింపలేదని 2022 ఆగస్టులో న్యాయస్థానమున ప్రస్తావింపబడినది. చట్టవిరుద్ధమైన నిఘా జరుగలేదని ప్రభుత్వము మొదటి నుండియు చెప్పుచు వచ్చినది.

ఏథెన్సు పాఠము లోకము నేర్చుకొన్నదా? టెలిఫోను సంస్థలు తమ యంత్రములలో చట్టబద్ధమైన నిఘాకు వీలు కల్పింపవలెనని అమెరికా 1994లో శాసనము చేసెను. 2024 నవంబరు 13న ఆ దేశపు దర్యాప్తు సంస్థయు, సైబరు భద్రతా సంస్థయు కలిసి ఒక ప్రకటన చేసినవి. చైనాతో సంబంధము గల చొరబాటుదారులు తమ టెలిఫోను సంస్థలలో ప్రవేశించిరని, ప్రభుత్వములోను రాజకీయములలోను ఉన్న కొందరి సంభాషణములను పొందిరని, న్యాయస్థానపు ఉత్తరువులపై జరుగు నిఘాకు సంబంధించిన సమాచారమును సైతము నకలు తీసికొనిరని అవి తెలిపినవి. చైనా ఆ ఆరోపణను నిరాకరించినది. మరుసటి నెలలో ఆ సైబరు భద్రతా సంస్థయే, గురికాదగిన స్థానములలో నున్నవారు కొస నుండి కొస వరకు మూసియుంచు సందేశములనే వాడవలసినదని సలహా యిచ్చెను. ఏ తాళమును ప్రభుత్వములు ఆటంకముగా భావించుచు వచ్చినవో, ఆ తాళమే ఆపత్కాలమున ప్రభుత్వోద్యోగులకు శరణ్యమైనది.

ఈ చరిత్ర నుండి సామాన్యునకు కలుగు ప్రయోజనము స్వల్పము కాదు. కబీర్ మొదలుకొని నేటి వరకు చాల చొరబాట్లు యజమాని స్వయముగా తలుపు తీయుట వలననే జరిగినవి. బ్యాంకు పేరనో, కరెంటు బిల్లు పేరనో వచ్చిన లింకును నొక్కకుండుట, అపరిచితులు పంపిన ప్రోగ్రామును ఫోనులో ఎక్కింపకుండుట, తయారీదారు పంపు సవరణలను వెంటనే స్వీకరించుట, సంకేతాంకములను నోటితో ఎవరికిని చెప్పకుండుట అను నాలుగు పనులు ప్రతి గృహస్థుని చేతిలో నున్నవే. అత్యంత రహస్యమైన సమాలోచన జరుగు గదిలోనికి ఫోనును తీసికొని పోకుండుట అయిదవది. చిలుకను, గోరువంకను దూరముగా ఉంచుమన్న కౌటిల్యుడు నేడున్నచో ముందుగా ఫోనునే బయట పెట్టించును.

ప్రభుత్వమునకు కలుగు ప్రయోజనము వేరు. హంతకుని, దేశద్రోహిని వెంటాడుటకు ఒక్కొక్కప్పుడు వినవలసివచ్చును. దానిని కాదనువారు కొందరే. కాని యంత్రములో ఒకసారి పెట్టిన చెవికి యజమాని ఎవరో తెలియదు. ఉత్తరువు గలవానికిని, దొంగకును అది ఒక్క తీరుననే వినిపించును. ఆ రెంటికి గల భేదమును చూపునది సంతకము గల ఉత్తరువు, దానిని పరిశీలించు సంఘము, వచ్చినవారి పేరు, వచ్చిన వేళ వ్రాసిన పుస్తకము. కార్యాలయములలో దినదినము విసుగుతో వ్రాయబడు నమోదు పుస్తకములకు ఇంత విలువ యున్నదని ఏథెన్సు నగరము, ఆ పుస్తకములను వెదకినప్పుడు అవి లేకపోగా, తెలిసికొన్నది.